ఆర్పడం నుంచి నేర్పడం దాకా

తెలుగునాట అగ్నిమాపక శాఖ గురించి రాసేవారు సాధారణంగా ఫైరింజన్లు, స్టేషన్ల లెక్కతో మొదలుపెడతారు. లెక్క అవసరమే. కానీ జనం నిప్పుతో కాపురం చేసిన తీరు తెలియనిదే ఆ శాఖ పని అర్థం కాదు. రెండు తరాల కిందట మన పల్లెల్లో ఎటు చూసినా తాటాకు, రెల్లుగడ్డి కప్పిన ఇళ్లే. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, పెద్దవాళ్లంతా పొలాల్లో ఉన్న వేళ, పొయ్యిలో ఆరని కొరివి నుంచో పెంటపోగు మీద పారబోసిన బూడిద నుంచో ఒక్క రవ్వ లేస్తే వాడ మొత్తం బుగ్గయ్యేది. బావినీళ్లు చేది బిందెలతో అందించుకోవడం, ఇంకా అంటుకోని ఇంటి కప్పు పీకేసి మంటకు దారి తెంచడం, ఇవే ఆనాడు ఊరికి తెలిసిన ఉపాయాలు. ఆ రెండోది తక్కువ తెలివి కాదు. అడవిలో కార్చిచ్చు ఆపేవారు నేటికీ పాటించే సూత్రం అదే.

జీతగాళ్ల దళాలు ముందు మహానగరాలకే దక్కాయి. మద్రాసులో అగ్నిమాపక దళం 1908లో ఏర్పడింది. పల్లెకు ఎర్రబండి రావడం చాలా తర్వాతి మాట. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఈ సేవ క్రమంగా చిన్న పట్టణాలకు విస్తరించింది.

ఈ చరిత్రలో అసలు మలుపు మాత్రం బొంబాయిలో ఉంది. 1944 ఏప్రిల్ 14న విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ నుంచి పొగ లేచింది. అందులో సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలున్నాయి. వాటితోపాటే కరాచీలో ఎక్కించిన పత్తి బేళ్లు ఉన్నాయి. ఆ రెంటినీ ఒకే ఓడలో పెట్టడమే మహాపరాధం. సాయంత్రం నాలుగు దాటగానే ఓడ పేలింది, కాసేపటికి మళ్లీ పేలింది. గొట్టాలు పట్టుకుని నిలబడ్డ అగ్నిమాపక సిబ్బందిలో 66 మంది ప్రాణాలు విడిచారు. దేశమంతటా ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా జరిగే అగ్నిమాపక వారోత్సవాలు వారి స్మృతిలోనివే. నివాళితో మొదలయ్యే ఆ వారం క్రమంగా బోధనకు నెలవైంది. పాఠశాల ఆవరణలో, బస్టాండులో, ఆసుపత్రి ముంగిట సిబ్బంది సిలిండర్‌కు మంట పెట్టి, తడిగోనె కప్పి ఆర్పి చూపిస్తారు. ఊపిరాడని పొగలో నేలకు వంగి నడవాలని, మంటలప్పుడు లిఫ్టు ఎక్కరాదని చెబుతారు. పిల్లలు చూసేది ఫైరింజన్‌నే కావచ్చు, ఇంటికి మోసుకెళ్లేది మాత్రం ఆ పాఠాన్ని.

ఈలోగా నిప్పు చిరునామా మారింది. 1980ల తర్వాత పక్కా ఇళ్లు పెరిగి పూరిపాకలు తగ్గాయి. 1999లో మొదలైన దీపం పథకం గ్యాస్ పొయ్యిని పేదింటికి తెచ్చింది. కప్పు భయం తగ్గింది, సిలిండర్ భయం వచ్చింది. మరోపక్క పరిశ్రమల నిప్పు తన స్థాయి చూపింది. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి వద్ద గ్యాస్ బావి నుంచి ఎగసిన మంట 65 రోజులు ఆరలేదు. 1997 సెప్టెంబరులో విశాఖ రిఫైనరీ ప్రమాదం పదుల ప్రాణాలు బలిగొంది. ఫైరింజన్ వచ్చాక చూద్దామనే ధీమాకు అక్కడితో కాలం చెల్లింది.

ఆ 1997లోనే ఢిల్లీ ఉపహార్ సినిమాహాలులో 59 మంది చనిపోయారు. వారిని బలిగొన్నది పొగ. బయటికి పోయే దారుల్లో అదనంగా వేసిన కుర్చీలు దానికి తోడయ్యాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో అగ్నిమాపక సేవల చట్టం తెచ్చి, ఎత్తయిన భవనాలకు శాఖ నిరభ్యంతర పత్రం తప్పనిసరి చేసింది. 2004లో తమిళనాట కుంభకోణం బడిలో 94 మంది పిల్లలు కాలిపోయాక దాఖలైన వ్యాజ్యంలో, 2009 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు తీర్పిస్తూ భద్రమైన బడి కూడా విద్యాహక్కులో భాగమేనంది. ప్రతి మంచి నిబంధన వెనుకా ఇలా ఒక శ్మశానం కనిపిస్తుంది.

ఇటీవలి అధ్యాయం సికింద్రాబాద్, హైదరాబాద్‌లది. 2022 మార్చిలో బోయిగూడ తుక్కు గోదాములో 11 మంది వలస కూలీలు, ఆ సెప్టెంబరులో కింద విద్యుత్ స్కూటర్ల షోరూము ఉన్న లాడ్జిలో 8 మంది, మరుసటి మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు చనిపోయారు. 2025 మేలో చార్మినార్ దాపున గుల్జార్‌హౌజ్‌లో 17 మంది బలయ్యారు. ఈ చోట్లన్నిటా వెతికితే ఎక్కువగా దొరికేది ఇరుకు మెట్లు, ఒకే దారి, సరుకు కుక్కిన సెల్లారు. పూరిళ్ల కాలంలో మంట వాడలో అందరికీ కనబడేది. ఇప్పుడది మూసిన తలుపుల వెనుక పొగై కమ్ముతోంది.

బొంబాయి ప్రమాదం తర్వాతి ఎనభై ఏళ్లలో శాఖ సాధించింది చిన్నదేమీ కాదు. చెరువు గట్టున, వరద నీటిలో, పుష్కర ఘాట్లలో కూడా ఇప్పుడు దాని సిబ్బందే కనిపిస్తారు. కానీ వారోత్సవాలు ఇంకా బడి ఆవరణ దగ్గరే ఎక్కువగా ఆగుతున్నాయని నా అభిప్రాయం. అవి సెల్లార్లలోకి, లాడ్జిల మెట్ల మీదికి, స్కూటర్లు చార్జింగ్ పెట్టే చోటికి దిగాలి. దానికి శాఖ పిలుపు కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఈ ఏప్రిల్‌లో మీ అపార్ట్‌మెంట్ సంఘమే దగ్గరి ఫైర్‌స్టేషన్‌కు ఉత్తరం రాసి, ఒక పూట మీ సెల్లారులో ప్రదర్శన ఇవ్వమని అడగండి. వాళ్లు వచ్చేలోగా మెట్ల మీది పాత సామాను తీయించండి.