చెవికి తొలిపాఠము



శిశువును, పశువును, పామును ఒక్క వరుసను నిలిపి, గానరసము నెఱిగినవారు వీరని చెప్పు శ్లోకము మీలో పలువురకు కంఠస్థము. సభలలో దానిని చదివి తలలూపుట మన కలవాటు. ముప్పదియైదేండ్లు తెలుగు పండితుడనుగా ఉద్యోగము చేసిన నేను దాని కెన్నిమార్లు అర్థము చెప్పితినో లెక్క లేదు. శిశువు రసము నెఱుగునని అందున్నది గాని, శిశువు పాడగలడని లేదు. ఈ భేదము ఉద్యోగము విడుచు దినములు దగ్గఱపడిన తరువాత గాని నాకు తెలియలేదు. తెలియకపోవుటచే నేను చేసిన పని యొకటి మొదట చెప్పుకొందును.

1987లో నేనొక గ్రామ పాఠశాలలో నుంటిని. ఉదయ ప్రార్థనకు నేనే పెద్దను. ఆఱవ తరగతి బాలుడొకడు బొంగురుగొంతుతో, శ్రుతి కందక, అందఱికంటె బిగ్గరగా పాడుచుండెను. ఒకనాడు ఓర్పు నశించి, "ఒరే, నువ్వు నోరు మూసుకొని నిలబడరా, అదే పదివేలు" అంటిని. పిల్లలందఱు నవ్విరి. నాటినుండి వాడు ప్రార్థనలో పెదవి కదపలేదు. పద్యము అప్పజెప్పుమన్నను గద్యమువలె గడగడ చదివి కూర్చుండెడివాడు.

ఆ యేటి శ్రీరామనవమి ఊరేగింపులో వానిని మరల చూచితిని. డోలు వాయించు తండ్రి ప్రక్కను నిలిచి తాళము వేయుచుండెను. నాగస్వరము వారు నడకను మార్చి మార్చి వాయించుచున్నను వాని తాళము వెండ్రుకవాసి చెదరలేదు. నాకు రెండుమార్లు లెక్క తప్పినది. అంతటి చెవిగల పిల్లవానిని సంగీతమునకు పనికిరాడని వందమంది యెదుట త్రోసివేసినవాడను నేనే. అయినను మఱునాడు పిలిచి ఒక్క మాట చెప్పనైతిని. పంతులు తప్పొప్పుకొనుట అప్పటికి నాకు వాడుక లేదు.

మన పూర్వులు పసివారికి పాట నెట్లు పరిచయము చేసిరో తెలిసికొనవలెనను కోరిక నాకు ఇట్లు కలిగినది. 13వ శతాబ్దివాడైన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో, ఆనాడు జనులు పాడుకొను పాటలలో తుమ్మెద పదములను, గొబ్బి పదములను, వెన్నెల పదములను పేర్కొన్నాడు. ఇవి శాస్త్రము చదివినవారి పాటలు కావు. గొబ్బెమ్మ చుట్టు తిరుగు ఆడుపిల్లను గాని, తెలంగాణమున బొడ్డెమ్మ చుట్టు చప్పట్లు చఱచు పసిదానిని గాని, నీకు శ్రుతిజ్ఞానము కలదా యని నేటికిని ఎవ్వరును పరీక్షింపరు. పదిమంది అడుగుల నడుమ తన అడుగు తప్పినచో తానే దిద్దుకొనును. చెమ్మచెక్క యాటలో చేతికి చేయి తగులకున్న తాళము తప్పినట్లే. బెత్తము పట్టిన గురువుతో అక్కడ పని లేదు.

శాస్త్రీయ సంగీతమున బాలపాఠములకు మూలపురుషుడు పురందరదాసు. ఈయన కాలము 1484 మొదలు 1564 వఱకని చెప్పుదురు. కీర్తనలు పలికినది కన్నడమున. కాని ఆయన యేర్పఱచినవని సంప్రదాయము చెప్పు సరళి స్వరములు, జంట స్వరములు, అలంకారములు, గీతములు తెలుగునాట సంగీతము నేర్చిన ప్రతివాని నోటను నానినవే. ఈ పాఠములను మాయామాళవగౌళ రాగమున మొదలుపెట్టుటలోని నేర్పును కొంచెము విప్పి చూతము. స నుండి రి మిక్కిలి దగ్గఱ. రి నుండి గ దూరము. గ నుండి మ మరల దగ్గఱ. ప ద ని స లలోను అచ్చముగా ఇదే వరుస: దగ్గఱ, దూరము, దగ్గఱ. క్రింది నాలుగు మెట్లు తెలిసిన పిల్లవానికి పై నాలుగు సగము తెలిసినట్లే. అడుగులన్నియు ఒక్క కొలతవి గాకుండుటచే, ఏ మెట్టుపై నున్నామో చెవి తేలికగా గుర్తుపట్టును.

ఆ వెనుక వచ్చునవి పిళ్ళారి గీతములు. ఇవి మలహరి రాగమున నున్నవి. మలహరి మాయామాళవగౌళ బిడ్డయే; కాని ఇందు నిషాదము బొత్తిగా లేదు. గాంధారము ఆరోహణమున కానరాదు, అవరోహణమున నగపడును. అనగా అంతవఱకు ఏడు స్వరములతో చెలిమి చేసిన పిల్లవాని యెదుట ఒక స్వరము ఇల్లు విడిచి పోయినది, ఇంకొకటి పోవునపుడు దాగి వచ్చునపుడు దొరికినది. ఇది దాగుడుమూత లాట కాక మఱేమి? ఆ మహనీయుడు ఆటగానే తలచెనో లేదో చెప్పుటకు నే నెంతవాడను? నేను మాత్రము ఆటగానే వాడుకొంటిని. హార్మోనియముపై స్వరములు మెల్లగా వాయించి, "ఎవరు రాలేదు?" అని అడిగెడివాడను. బడికి రానివారి పేరు చెప్పినంత సంబరముగా పిల్లలు కేకలు వేసెడివారు. పాడలేని పిల్లవాడును ఈ యాటలో గెలువవచ్చును.

తరువాత అచ్చుపుస్తకముల కాలము వచ్చినది. సుబ్బరామ దీక్షితులవారు 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శినిని, 1905లో ప్రథమాభ్యాస పుస్తకమును ప్రకటించిరి. ఎట్టయపురమున వెలసిన ఈ గ్రంథములు తెలుగువని మనము మఱవరాదు. వీరి తాతల తరమువాడైన ముత్తుస్వామి దీక్షితులు దొరల బ్యాండు వాయించు వరుసలను విని, వానికి సంస్కృతమున మాటలు కూర్చెను. నొట్టుస్వరములన్నవి అవియే. ఆంగ్లేయుల రాజగీతపు వరుసకును ఆయన భగవన్నామమును తొడిగెను. గమకముల బరువు లేక, నడకకు సరిపడు ఈ పాటలను పసివారు ఒక్క పూటలో పట్టుకొందురు. పుస్తకములు లేకున్న ఇట్టివి మన ఇండ్లకు చేరకుండెడివి. అయినను పుస్తకమునకు చెవి లేదు. పుస్తకము చూచి పాఠము గట్టిగా వల్లెవేయించు పద్ధతి బలపడినకొలది, వినిపించుట యను మొదటి మెట్టు అరిగిపోయినది. ఇది నా యభిప్రాయము. విద్వాంసులు కోపగింపకుందురు గాక.

విజయనగర సంగీత కళాశాల 1919లో వెలసినది. తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. సంస్థానోద్యోగి యొకరి అంధబాలునికి సంగీతము నేర్పవలెనను తలంపే దానికి బీజమని ఆ ప్రాంతమున చెప్పుకొందురు. అచ్చట వయొలిను బోధించి, 1936లో అధ్యక్షులైన ద్వారము వేంకటస్వామినాయుడుగారికి చూపు మందము. కన్ను తగ్గినవాడు చెవిని ఎంత దూరము తీసికొనిపోగలడో చూపిన స్థలమది.

ఇక రేడియో. మద్రాసు కేంద్రము 1938లో మొదలైనది. అక్కడ పిల్లల కార్యక్రమములను నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను తెలుగుపిల్లలు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని పిలుచుకొనిరి. పెద్దలు పాడగా పిల్లలు వినుట కాదు. పిల్లలే వచ్చి పాడిరి, పొడుపుకథలు వేసిరి, నాటికలాడిరి. నా బాల్యమున మా ఊరి పంచాయతీ అరుగుపై ఆదివారము బాలానందము వినుటకు గుమిగూడెడివారము. లోపల పాడు పిల్ల ఒక్కొక్కప్పుడు అపస్వరము పలికెడిది. అన్నయ్యగాని అక్కయ్యగాని ఆమెను కసరుట నేను వినలేదు. నేను పెద్దవాడనై ఈ పాఠమునే మఱచితిని.

రేడియోలో పిల్లలకు సంగీతము వినిపించు పని మనకంటె ముందు ఇతర దేశములవారును చేసిరి. అమెరికాలో వాల్టర్ డామ్రాష్ 1928 నుండి 1942 వఱకు పాఠశాలల పిల్లలకై వాద్యబృందమును వినిపించి వివరించెను. 1936లో మాస్కోలో ప్రొకోఫియెవ్ ఒక తోడేలు కథను సంగీతముగా కూర్చెను. అందు పిట్టకు వేణువు, తోడేలునకు కొమ్ములు, కథానాయకుడగు బాలునకు తంతివాద్యములు. కొమ్ములు మ్రోగగానే, కథ చెప్పువాడు నోరు తెఱవకముందే, తోడేలు వచ్చినదని పిల్లలు గ్రహింతురు. ఇది తెలిసి నేనును మా బడిలో కోతి-మొసలి కథ నడిపితిని. కోతికి పిల్లనగ్రోవి, మొసలికి డోలు. మొసలి భార్యకు నా హార్మోనియము తప్ప వేఱేమియు మిగులలేదు. పిల్లలు దానికే ఎక్కువ నవ్విరి.

2018లో ఒక సాయంకాలము మా యింటికి నలువది యేండ్లవాడొకడు ఎనిమిదేండ్ల కూతును వెంటబెట్టుకొని వచ్చెను. పేరు చెప్పగానే పోల్చితిని. నేను నోరు మూయించిన బాలుడే. కూర్చుండుమన్నను కూర్చుండక, "మా అమ్మాయికి సంగీతము వస్తుందో రాదో మీరే చూసి చెప్పండి, పంతులుగారూ. మీరు చెప్తే మాన్పించేస్తాను" అనెను. నాటి తీర్పును వాడు ఇంకను ప్రమాణముగా నమ్ముచున్నాడు. ఆనాటిది నా తప్పని చెప్పితిని. వాడు నవ్వి, "అబ్బే, నా గొంతు అంతేనండీ" అనెను. నా మాట వానికి చేరినట్లు తోచలేదు.

పిల్లను పాడుమని అడుగలేదు. హార్మోనియము దగ్గఱ కూర్చుండబెట్టి, ఏడు స్వరములను రెండుమార్లు వినిపించి, పిదప మలహరి ఆరోహణమును మెల్లగా వాయించి, "ఎవరు రాలేదమ్మా?" అంటిని. పిల్ల కన్నులు మూసికొని ఆలోచించుచున్నది. గడపమీద నిలుచున్న తండ్రి చేయి మోకాలిపై తాళము వేయుచునే యున్నది. మరల వాయించితిని. అక్కడినుండి, వినీ వినబడనట్లుగా, "మధ్యలో ఒకటి, పైన ఒకటి వదిలేశారు గదండీ" అని వాని గొంతు.

పిల్ల గిరుక్కున వెనుకకు తిరిగి, "నువ్వు చెప్పకు నాన్నా! నన్నే కదా అడిగారు!" అనెను.