ఎక్కడికి అని అడిగిన పిల్ల

మా మేనకోడలు తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. దసరాకి సూళ్లూరుపేట వచ్చినప్పుడు, "అత్తా, సైకిలు మీద ఒక్కదాన్నే వేరే దేశం పోయి రావాలనుంది. రెండు వారాలు సెలవు దొరుకుతుంది. మొదటిసారికి ఏ దేశమైతే బాగుంటుంది?" అనడిగింది. ఆమె అడిగింది ఎక్కడికి అని. వంటింట్లోంచి మా వదిన, వసారాలోంచి మా అన్న ఒక్కసారే అడిగింది మాత్రం ఎవరితో అని.

ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినదాన్ని. యాత్రల పుస్తకాల్లో ఎవరెంత దూరం పోయారన్నదే చూస్తూ వచ్చాను. ఈ పిల్ల ప్రశ్నతో ఇంకోటి వెతకాల్సి వచ్చింది. పోవలసిన చోటును ఆడమనిషి తనే ఎంచుకున్నది ఎప్పుడు? ఎంచుకున్నాక బయల్దేరడానికి ఎన్నాళ్లు పట్టింది?

మా ఇంటి ఆడవాళ్ల ప్రయాణాలన్నీ ముందే ఖాయమైనవి. మొక్కుకి తిరుమల, పుణ్యానికి రామేశ్వరం, కాన్పుకి పుట్టిల్లు. నేను ఎనిమిదో తరగతిలో సైకిలు నేర్చుకుని, పులికాట్ సరస్సు మధ్యనుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు మీద అటకానితిప్ప దాకా తొక్కాను. రెండు పక్కలా నీళ్లు, దూరంగా ఫ్లెమింగోలు. పెద్దమనిషినయ్యాక ఆ సైకిలు అన్నకు పోయింది. రాత్రీ పగలూ తలుపులు మూయని చెంగాళమ్మ గుడి ఉన్న ఊళ్లో మా ఇంటి తలుపు మాత్రం ఆరింటికల్లా పడేది.

డెర్వ్లా మర్ఫీ ఐర్లండులోని లిస్మోర్ అనే చిన్న ఊరి మనిషి. 1941లో పదో పుట్టినరోజుకి ఆమెకి ఒక పాత సైకిలూ, ఒక అట్లాసూ వచ్చాయి. కొద్దిరోజులకే ఊరి దగ్గర గుట్ట ఎక్కుతూ, ఇలా తొక్కుతూనే ఉంటే ఇండియా చేరొచ్చు కదా అనుకుంది. బయల్దేరింది 1963 జనవరిలో. జూలైకి ఢిల్లీ చేరింది. మధ్యలోని ఇరవై ఒక్క ఏళ్లను చాలామంది ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకు అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది. కీళ్లజబ్బుతో కదలలేని తల్లిని చూసుకోవడానికి పద్నాలుగో ఏట బడి మానేసింది. 1961లో తండ్రి, 1962లో తల్లి పోయారు. గమ్యం పదేళ్ల వయసుకే తేలిపోయింది. కాళ్లకు వీలు చిక్కడానికి రెండు చావులు కావలసి వచ్చాయి. ఇది రాస్తుంటే చెయ్యి కాస్త ఆగింది, ఎందుకంటే ఆమెను ఒంటరిగా తిరిగి రమ్మని చిన్నప్పుడే ప్రోత్సహించింది ఆ తల్లే. చాకిరీ వేరు, ప్రేమ వేరు అని విడదీయడం అన్నిసార్లూ కుదరదు.

అయితే ఆ మధ్యకాలంలో చిన్న ప్రయాణాలున్నాయి. 1951లో పక్కనే సముద్రం దాటి వేల్సు, దక్షిణ ఇంగ్లండు. 1952లో బెల్జియం, జర్మనీ, ఫ్రాన్సు. ఆ తర్వాత స్పెయిన్. ఇంటినుంచి కబురొస్తే తిరిగి రాగలిగినంత దూరమే ముందు ఎంచుకుందని నా ఊహ. మా పిల్లకు ఈ వరస చెప్పాను. ఇండియా సంగతి తర్వాత, ముందు నీ వేల్సు ఏదో చూసుకో అన్నాను.

అంతకుముందే 1894లో బోస్టన్ నుంచి ప్రపంచం చుట్టి రావడానికి బయల్దేరిన ఆనీ లండన్‌డెర్రీ ముగ్గురు పిల్లల తల్లి. ఆ ఇంటిపేరు కూడా ఆమెది కాదు, వంద డాలర్లిచ్చిన నీళ్లసీసాల కంపెనీది. చాలా దూరం ఓడల్లోనే పోయింది. కొలంబో రేవు తాకి పోయిన ఈవిడ, ఇండియాలో పులుల్ని వేటాడానని సభల్లో చెప్పుకుంది. మగ యాత్రికుల కోతలు నమ్మినవాళ్లం, ఈవిడవి మాత్రం ఎందుకు కాదనాలి!

మన దగ్గరికొస్తే, సైకిలుకు చరిత్రలో దొరికిన చోటు తక్కువ. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం రెండు జిల్లాల్లో రెండు దారులు పట్టింది. మాది అప్పట్లో నెల్లూరు జిల్లా (2022లో తిరుపతి జిల్లాలోకి వచ్చాం). 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగారు. 1993 అక్టోబరుకల్లా రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ రోజుల్లోనే తమిళనాడు పుదుక్కోట్టైలో, షీలా రాణి చుంకత్ కలెక్టరుగా ఉండగా, చదువుతోపాటు సైకిలూ నేర్పారు. లక్షమందికి పైగా పల్లెటూరి ఆడవాళ్లు తొక్కారు. వెకిలి మాటలు పడుతూనే తొక్కారు. చాలామంది మగవాళ్ల సైకిలే కావాలన్నారట, ముందున్న కడ్డీ మీద బిడ్డను కూచోబెట్టుకోవచ్చని. మనం సారాను ఉద్యమంగా రాసుకున్నాం, సైకిలును పథకంగా వదిలేశాం. ఇంటిని బతకదగ్గదిగా చేసుకోవడమూ, ఇల్లు దాటి పోగలగడమూ ఒకే పోరాటంలోని రెండు కొసలని నాకూ ఆలస్యంగానే తట్టింది. కాగితాల సంగతీ అంతే. పాస్‌పోర్టుకి పెళ్లి సర్టిఫికెట్ అక్కర్లేదనీ, విడిపోయినామె భర్త పేరు రాయనక్కర్లేదనీ నిబంధన మారింది 2016 డిసెంబరులో.

మా పిల్ల జాబితాలో మూడు దేశాలు మిగిలాయి. నేపాలుకి మనకు పాస్‌పోర్టే అవసరం లేదు, కానీ మొదటిసారికే ఆ కొండలెందుకంది. వియత్నాంలో బండ్లు కుడిపక్కన నడుస్తాయి. శ్రీలంకలో మనలాగే ఎడమపక్క. చెన్నై నుంచి విమానం గంటంబావు. పెడల్సు విప్పి, టైర్లలో గాలి తగ్గించి, సైకిలును అట్టపెట్టెలో సర్దితే చాలు. అందరూ దక్షిణాన గాలె బీచీలకు పొమ్మన్నారు. ఆమె ఉత్తరానికి వేలు చూపింది. నెగొంబో, పుత్తళం, అనురాధపురం, మన్నారు, చివర తలైమన్నారు. నేల మా నెల్లూరు చేలలాగా చదును. మన్నారులో తమిళం మాట్లాడతారు, సరిహద్దు పిల్ల కాబట్టి దారి అడగడానికి ఆమెకు ఆ భాష వచ్చు. అక్కడా ఫ్లెమింగోలు దిగుతాయి. ఈశాన్య రుతుపవనం మనలాగే వాళ్లనీ తడుపుతుంది కాబట్టి ఫిబ్రవరి అనుకుంది.

తలైమన్నారు ఎందుకంటే, 1914 నుంచి మద్రాసు బోట్ మెయిలు రైలు దిగినవాళ్లు ధనుష్కోటిలో ఓడెక్కి చేరింది ఆ రేవుకే. ధనుష్కోటి 1964 డిసెంబరు తుపానులో పోయింది. మా నాయనమ్మ రామేశ్వరం దాకా పోయి, సముద్రంలో మునిగి, వెనక్కి వచ్చింది.

నిన్న మా వదిన పటం తెమ్మని, ధనుష్కోటికీ తలైమన్నారుకీ మధ్య వేలు పెట్టి చూసింది. సుమారు 30 కిలోమీటర్లు అన్నాను.

"ఇంతేనా?" అంది.