గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్: విమాన ప్రయాణ దూరం, సమయం

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడి జిల్లా కేంద్రాలైన ఈ మూడు పట్టణాల్లో దేనికీ విమానాశ్రయం లేదు. ఇక్కడివారి విమాన ప్రయాణాన్ని హైదరాబాద్‌లోని శంషాబాద్ విమానాశ్రయం నుంచి లెక్కించడం వాడుక. అలా లెక్కిస్తే ప్రయాణంలో సగం కనబడకుండా పోతుంది.

నేరుగా గీత గీసి కొలిస్తే శంషాబాద్ విమానాశ్రయం గద్వాలకు దాదాపు 130, వనపర్తికి 105, నాగర్‌కర్నూల్‌కు 85 కిలోమీటర్లు. రోడ్డు దూరాల్లో మాత్రం ఏకాభిప్రాయం లేదు. గద్వాల–హైదరాబాద్ దూరం 180 నుంచి 200 వరకు రకరకాలుగా కనబడుతుంది. నగరంలో ఏ చోటిదాకా కొలిచారన్నదే ఈ తేడాకు ప్రధాన కారణం కావచ్చు. విమానాశ్రయం నగరానికి దక్షిణాన ఉంది కనుక ప్రయాణికులకు ఈ అంకెల్లో తక్కువదే ఉపయోగం, అందులోనూ కొంత తగ్గించుకోవాలి. 2008 మార్చి 23న శంషాబాద్ మొదలయ్యేదాకా బేగంపేట విమానాశ్రయం చేరాలంటే నగరం మొత్తం దాటాల్సి వచ్చేది. ఇప్పుడు గద్వాలవారు ఎర్రవల్లి చౌరస్తా వద్ద 44వ జాతీయ రహదారి ఎక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి నేరుగా వస్తారు. నాగర్‌కర్నూల్‌వారికి జడ్చర్ల దారి ఉంది. కల్వకుర్తి, ఆమనగల్లు, తుక్కుగూడల మీదుగా శ్రీశైలం రోడ్డూ ఉంది.

ఉదాహరణకు, శంషాబాద్–దుబాయ్ గగన దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు ఎదురుగాలి వల్ల నాలుగు గంటల దాకా, వచ్చేటప్పుడు మూడున్నర గంటలు పడుతుంది. దుబాయ్ గడియారం గంటన్నర వెనక ఉంటుంది కాబట్టి టికెట్టు మీది సమయాలను తీసివేసి చూసేవారు పొరబడుతుంటారు. గద్వాల నుంచి రోడ్డు మీద మూడు గంటలు, ముందుగా చేరాల్సిన మూడు గంటలు కలిపితే మొత్తం పది. గాలిలో గడిపేది నాలుగే.

షికాగో సంగతి వేరు. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి అక్కడికి ఎక్కడా ఆగని సర్వీసు ప్రారంభించింది. అది ఎక్కువ కాలం నడవలేదు. దూరం దాదాపు 13,300 కిలోమీటర్లు. పటంలో అమెరికా పడమరన కనిపించినా, భూగోళం మీద అతి దగ్గరి దారి దాదాపు ఉత్తరంగా సాగి ఆర్కిటిక్ మీదుగా పోతుంది. గాలులు, గగనతల ఆంక్షలను బట్టి అసలు దారి మారుతుంది. గద్వాలవాసి శంషాబాద్ వైపు చేసే రోడ్డు ప్రయాణం కూడా ఉత్తరాభిముఖమే కనుక అందులో చాలా భాగం వృథా కాదు.

2021 మార్చి 28 నుంచి కర్నూలు సమీపంలోని ఓర్వకల్లులో విమానాలు మొదలయ్యాయి. నేరుగా కొలిస్తే ఇది గద్వాలకు 70, వనపర్తికి 73 కిలోమీటర్లే. గద్వాలవారు తుంగభద్ర దాటితే చాలు, వనపర్తివారు కృష్ణ కూడా దాటాలి. అయితే తొలి సర్వీసులు బెంగళూరు, చెన్నై, విశాఖపట్నాలకే. బెంగళూరు మీదుగా విదేశాలకు పోయేవారు ముందు 280 కిలోమీటర్లు దక్షిణానికి వెళ్లాలి. మహబూబ్‌నగర్ జిల్లా గుడిబండ వద్ద విమానాశ్రయం గురించి తెలంగాణ ప్రభుత్వ ప్రతిపాదన ఉంది.