విషింగ్ పరీక్షలు

విషింగ్ పరీక్ష అంటే ఒక సంస్థ తన సిబ్బంది మీద తానే ఫోను మోసం ప్రయోగించి చూసుకోవడం. సంస్థ ఇచ్చిన రాతపూర్వక అనుమతితో పరీక్షకుడు హెల్ప్‌డెస్కుకో రిసెప్షన్‌కో ఫోను చేస్తాడు. ఐటీ విభాగం నుంచనో, కొత్తగా చేరిన ఉద్యోగిననో, పైఅధికారి సహాయకుణ్ణనో చెప్పుకుంటాడు. ఏ సమాచారం బయటికి పొక్కింది, ఎవరు అనుమానించి తిరిగి సరిచూసుకున్నారు అన్నది చివర నివేదికగా ఇస్తాడు. ఇటీవల ఈ కాల్స్ చేసే పని కృత్రిమ మేధతో నడిచే వాయిస్ ఏజెంట్ల చేతికి వస్తోంది.

పూర్వరంగం

మాటలతో నమ్మించి దోచుకోవడం టెలిఫోను కన్నా ఎన్నో శతాబ్దాలు పాతది. 1876లో గ్రాహంబెల్ పేటెంటు పొందాక ముఖం చూపకుండా ఆ పని చేసే వీలు చిక్కింది. 1960, 70 దశకాల్లో అమెరికాలోని 'ఫోన్ ఫ్రీకులు' 2600 హెర్ట్జ్ ఈలతో ఉచితంగా దూరప్రాంత కాల్స్ చేసుకోవడమే కాక, ఫోను కంపెనీ ఉద్యోగులమని నమ్మబలికి లోపలి నంబర్లు, విధానాలు కూడా రాబట్టేవారు.

ఈ చరిత్రలో తరచూ ఉదహరించే ఘటన 1978 అక్టోబరు 25న జరిగింది. లాస్ ఏంజెలెస్‌లోని సెక్యూరిటీ పసిఫిక్ బ్యాంకులో కంప్యూటర్ సలహాదారుగా పనిచేసిన స్టాన్లీ రిఫ్కిన్, నగదు బదిలీల గదిలో ఆ రోజు కోడ్‌ను చూసి గుర్తుపెట్టుకున్నాడు. బయటికి వచ్చి, అంతర్జాతీయ విభాగం ఉద్యోగి మైక్ హాన్సెన్‌నంటూ అదే గదికి ఫోను చేశాడు. గుమాస్తా మరో నంబరు కూడా అడిగేసరికి, కనుక్కుని చెబుతానని పెట్టేసి, ఇంకో విభాగానికి ఫోను చేసి దాన్నీ సంపాదించాడు. 1.02 కోట్ల డాలర్లు దేశం దాటాయి. గుమాస్తా నియమం ప్రకారమే అన్నీ అడిగింది. తానుగా తిరిగి ఫోను చేసి నిర్ధారించుకోవడం మాత్రం అక్కడ జరగలేదు. నేటి పరీక్షలు ప్రధానంగా వెతికేదీ ఈ లోపాన్నే.

1995 ఫిబ్రవరిలో అరెస్టయిన హ్యాకర్ కెవిన్ మిట్నిక్, జైలు నుంచి వచ్చాక 2000 మార్చిలో అమెరికా సెనేట్ కమిటీ ముందు హాజరయ్యాడు. సాంకేతిక దాడి అవసరం తనకు అరుదుగానే పడిందని, మాటలతోనే పని జరిగిపోయేదని చెప్పాడు. తరువాత భద్రతా సలహాదారుగా స్థిరపడ్డాడు.

గాజు గదిలో పోటీలు

పరీక్షలకు ఒక క్రమశిక్షణ తెచ్చిన ఘనత లాస్ వేగాస్‌లో ఏటా జరిగే హ్యాకర్ల సమావేశం డెఫ్‌కాన్‌ది. 2010లో అక్కడ క్రిస్ హాడ్నగీ, మాటలతో నమ్మించి సమాచారం రాబట్టే 'సోషల్ ఇంజినీరింగ్' పోటీ మొదలుపెట్టాడు. పోటీదారు ముందుగా కొన్ని వారాలపాటు బహిరంగ సమాచారం మాత్రమే వాడి లక్ష్య సంస్థ గురించి ఆరా తీయాలి. సమావేశం రోజున శబ్దం చొరబడని గాజు గదిలో కూర్చుని, ప్రేక్షకులు వింటుండగా ఆ సంస్థకు ఫోను చేయాలి. పాస్‌వర్డు, క్రెడిట్ కార్డు నంబరు, సోషల్ సెక్యూరిటీ నంబరు అడగకూడదు. ఉద్యోగం పోతుందని బెదిరించకూడదు. మరి ఏమడగాలి? ఏ బ్రౌజరు వాడుతున్నారు, చెత్త ఎవరు తీసుకెళతారు, క్యాంటీన్ కాంట్రాక్టు ఎవరిది వంటివి. ఒక్కో జవాబుకు ఇన్ని మార్కులని లెక్క.

2012 పోటీ విజేత షేన్ మెక్‌డూగల్ కాల్ ఈ కళకు చక్కని నమూనా. బెంటన్‌విల్‌లోని ప్రధాన కార్యాలయం నుంచి మాట్లాడుతున్నానంటూ అతడు కెనడాలోని ఒక వాల్‌మార్ట్ దుకాణం మేనేజరుకు ఫోను చేశాడు. భారీ ప్రభుత్వ కాంట్రాక్టు రాబోతోందని ఆశ పెట్టి, జీతాలు ఎప్పుడు పడతాయి, భోజన విరామం ఎప్పుడు, కంప్యూటరులో యాంటీవైరస్ ఏది అన్నవి వరసగా రాబట్టాడు. చివరికి తాను చెప్పిన వెబ్ చిరునామాను మేనేజరు చేత బ్రౌజరులో కొట్టించాడు. అడగవలసిన అంశాలన్నీ ఆ ఒక్క కాల్‌లోనే దొరికాయి.

2022 నుంచి ఈ పోటీలను స్టెఫనీ, జేసీ కారుథర్స్ ఆధ్వర్యంలోని వేదిక నడుపుతోంది.

యంత్రానికి గొంతు

కంపెనీలు కొన్న తొలి యాంత్రిక పరీక్షలు మొరటువి. రికార్డు చేసిన గొంతు వినిపించి కీప్యాడ్ మీద అంకెలు నొక్కమనేవి; ఎదురు ప్రశ్న వేస్తే అంతే సంగతులు. 2018 మేలో గూగుల్ డూప్లెక్స్ ప్రదర్శనలో యంత్రం ఒక సెలూన్‌కు ఫోను చేసి, మధ్యలో 'మ్మ్' అంటూ అపాయింట్‌మెంట్ తీసుకోవడం చూసి సభ చప్పట్లు కొట్టింది. అవతలి మనిషికి నిజం చెప్పలేదేమన్న విమర్శా వెంటనే వచ్చింది. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు వాల్-ఈ అనే నమూనాను ప్రకటించారు. గొంతు అనుకరించడానికి దానికి 3 సెకన్ల నమూనా చాలు.

వాయిస్ ఏజెంటులో మూడు పనులు గొలుసుగా సాగుతాయి: విన్న మాటను అక్షరాల్లోకి మార్చడం, భాషా నమూనా జవాబు కూర్చడం, దాన్ని గొంతుగా పలికించడం. మధ్యలో జాప్యం ఎక్కువైతే అవతలివారు 'హలో, హలో' అంటారు. గుట్టు అక్కడే రట్టవుతుంది. మాటకు అడ్డం వస్తే వెంటనే ఆగి వినడం మరో కష్టం. 2024 అక్టోబరులో ఓపెన్‌ఏఐ విడుదల చేసిన రియల్‌టైమ్ ఏపీఐ వంటివి మాటను నేరుగా మాటగానే అందుకుని ఈ జాప్యాన్ని బాగా తగ్గించాయి.

ఆ ఏడాదే పోర్చుగల్ పరిశోధకులు 'వైకింగ్' అనే ఏజెంటును 240 మంది మీద ప్రయోగించారు. ముందే హెచ్చరించినవారిలో కూడా కొందరు రహస్యాలు చెప్పేశారు. ఇలినాయ్ విశ్వవిద్యాలయ బృందం నిర్మించిన ఏజెంట్లు సగటున 36 శాతం ప్రయత్నాల్లో నెగ్గాయి. నెగ్గిన మోసానికి అయిన ఖర్చు సగటున 75 సెంట్లు. అయితే అక్కడ బాధితుల పాత్ర పరిశోధకులే వేశారు కాబట్టి ఒప్పించే శక్తికి అది కొలత కాదు. డెఫ్‌కాన్‌లో 2024లో జాన్ హెన్రీ పేరిట మనుషులకూ ఏజెంట్లకూ పోటీ పెడితే మనుషులే నెగ్గారు, కొద్ది తేడాతో. ఆవిరి యంత్రంతో పోటీపడిన అమెరికా జానపద వీరుడి పేరది. మరుసటి ఏడాది ఏజెంట్లకే విడిగా పోటీ జరిగింది.

చట్టాలు

2024 ఫిబ్రవరి 8న అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, కృత్రిమ మేధ గొంతుతో చేసే కాల్స్ 1991 నాటి టెలిఫోను వినియోగదారుల రక్షణ చట్టం కిందికే వస్తాయని తేల్చింది. అంటే ముందస్తు సమ్మతి ఉండాలి. ఐరోపా కృత్రిమ మేధ చట్టంలోని 50వ అధికరణం, మాట్లాడేది యంత్రమని చెప్పాలంటుంది. చెబితే పరీక్షే లేదు. అందుకే జాగ్రత్తపరులైన పరీక్షకులు సిబ్బంది సమ్మతిని ముందే రాయించుకుని, వ్యక్తిగత మొబైళ్ల జోలికి పోకుండా కార్యాలయ నంబర్లకే పరిమితమవుతారు.

భారతదేశంలో

ఇక్కడ ఫోను మోసం చర్చ ఎక్కువగా జార్ఖండ్‌లోని జామ్‌తాడా ముఠాలు, 'డిజిటల్ అరెస్టు'ల చుట్టూ తిరుగుతోంది. ఫిర్యాదులకు 1930 హెల్ప్‌లైన్ ఉంది. ఇక పరీక్షల సంగతికి వస్తే, తెలుగులో మాట్లాడే ఏజెంటు గ్రాంథికం పలికితే ఎవరూ నమ్మరు. 'సార్, మీ కేవైసీ పెండింగ్‌లో ఉంది, ఓటీపీ వచ్చిందా చూడండి' అన్న కలగాపులగపు భాషను వినగలగాలి, పలకగలగాలి. విదేశీ సంస్థల హెల్ప్‌డెస్కులు నడిపే హైదరాబాదు సపోర్టు కేంద్రాల్లో మాత్రం పరీక్షలకూ మోసాలకూ ఇంగ్లీషే ప్రధాన భాష.