జడత్వ భ్రామకం నుంచి ‘ఐ’ దాకా

1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాలను తెలుగులో తెచ్చింది. 1986లో ఎంసెట్ మొదలైంది. ఆ రెండింటి పుణ్యమా అని మన బడి పిల్లలు కొందరు ఇంజనీరింగ్ కాలేజీ గేటు దాటారు. లోపల అంతా ఇంగ్లీషే.

అవకలనం, సమాకలనం, సదిశ, ద్రవ్యవేగం అంటూ నేర్చినవాళ్లకు లెక్క కొత్త కాదు, పేరు కొత్త. బోర్డు మీద సమీకరణం చూస్తే పోల్చుకునేవాళ్లం. నోటితో చెబితే తెల్లమొహం వేసేవాళ్లం.

అయితే చిక్కు భాషది ఒక్కటే కాదు. ‘మొమెంట్ ఆఫ్ ఇనర్షియా’నే తీసుకోండి. ఇంటర్ భౌతికశాస్త్రంలో అది జడత్వ భ్రామకం, తిరిగే చక్రానిది. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో అదే పేరుతో, అదే ‘ఐ’ అక్షరంతో, కదలని దూలానికి వస్తుంది. ప్రమాణం చూస్తే మిల్లీమీటర్ల నాలుగో ఘాతం. మరి ద్రవ్యరాశి ఏమైంది? అడిగితే ‘ముందు ఫార్ములా రాసుకో’ అనేవారు. నిజానికి ఇది వైశాల్యపు ద్వితీయ భ్రామకం. దూరపు వర్గంతో గుణించి కూడడమే రెండుచోట్లా జరిగే పని. ఒకచోట ద్రవ్యరాశిని, మరోచోట వైశాల్యాన్ని. దీర్ఘచతురస్రపు దూలానికి వెడల్పును ఎత్తు ఘనంతో గుణించి 12తో భాగిస్తే ‘ఐ’ వస్తుంది. ఎత్తు రెట్టింపయితే అది 8 రెట్లవుతుంది. మన పెంకుటిళ్ల వడ్రంగి దూలాన్ని పడుకోబెట్టకుండా నిలబెట్టి వేసేది ఇందుకే. ఈ ఒక్క మాట క్లాసులో చెప్పి ఉంటే ఎన్ని సప్లిమెంటరీలు తప్పేవో!

ముందు గణితం, తరువాత పని అనే వరస పాతదే. 1794లో పారిస్‌లో మొదలైన ఎకోల్ పాలిటెక్నిక్ గణితం, భౌతికశాస్త్రం నేర్పి, ఆపైన వంతెనల బడికో గనుల బడికో పంపేది. కానీ అక్కడ ఫూరియర్ దగ్గర చదివిన నేవియర్ తానే వంతెనల ఇంజనీరయ్యాడు. దూలాలు ఎలా వంగుతాయో గణితంతో తేల్చి, ఆ పాఠాలను 1826లో అచ్చువేశాడు. రెండు ఒడ్లూ తెలిసిన అలాంటి మనిషే మాకు కరువయ్యాడు.

మన బడి నుంచి వెళ్లినవాళ్లలో ఇద్దరు గణితం పేపరు దాటలేక చదువు మానేశారు. పదో తరగతిలో లెక్కల్లో మొదటి మార్కులు వాళ్లవే.

2021లో ఏఐసీటీఈ తెలుగులోనూ ఇంజనీరింగ్ చెప్పవచ్చని అనుమతించింది. మంచిదే. అయితే ‘ఫార్ములా రాసుకో’ అన్నమాట తెలుగులో అన్నా ఫలితం ఒకటే. ఏటా ఇంజనీరింగ్‌లో చేరబోయే మన బడి పిల్లలతో వేసవిలో పదిరోజులు కూర్చోగల పూర్వవిద్యార్థులు సంఘం కార్యదర్శికి పేర్లు ఇవ్వండి. నా పేరు ఇప్పటికే ఇచ్చాను.