గెలిచినవాడిదే కొలువు

మేముంటున్న రెడ్‌మండ్‌కి ఆ పేరు 1883లో పోస్టాఫీసు ద్వారా స్థిరపడింది. అంతకుముందు ఆ పోస్టాఫీసు పేరు మెల్‌రోజ్. ల్యూక్ మెక్‌రెడ్‌మండ్ పోస్ట్‌మాస్టరయ్యాక పేరు మారింది.

ఆ రోజుల్లో దేశమంతటా పోస్ట్‌మాస్టరు పదవంటే గెలిచిన పార్టీ పంచే ప్రసాదం. అత్త సొమ్ము అల్లుడి దానం అన్నమాట! 1829లో అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్, ప్రభుత్వోద్యోగం ఎవరి సొంత ఆస్తీ కాదు, చేతులు మారుతుండాలని వాదించాడు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ న్యూయార్క్ రేవులో సుంకాల వసూలుకి ఆయన నియమించిన అనుచరుడు శామ్యూల్ స్వార్ట్‌వౌట్ 1838లో యూరప్‌కి ఉడాయించాడు. ఖజానాలో 12 లక్షల డాలర్లకు పైగా తేడా వచ్చింది. 1881లో, కోరిన పదవి దక్కని ఛార్లెస్ గిటో అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ని కాల్చాడు. ఆ తర్వాతే, 1883 జనవరిలో, పెండిల్టన్ చట్టంతో పరీక్షలొచ్చాయి. అవీ మొదట్లో పదింట ఒక వంతు కొలువులకే. చిన్న ఊళ్ళ పోస్ట్‌మాస్టర్లకు ఆ చట్టం వర్తించలేదు.

మన ఊళ్ళలో కరణీకం వంశపారంపర్యంగా నడిచేది. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. వంశం పోయింది సరే, సిఫార్సు పోయిందా? పాతవాళ్ళని దింపడం సులువే. కొత్తవాళ్ళని ఏ కొలతతో ఎంచుతామన్నదే, నా దృష్టిలో, రెండు దేశాలకూ మిగిలిన ప్రశ్న.