మానేటి సీమ చిత్తరువులు

పెద్దపల్లి నుండి కాజీపేట వైపు పోవు రైలుమార్గముపై నున్న ఓదెలలో, మల్లికార్జునస్వామి సన్నిధిని ఒగ్గు పూజారులు పట్నము వేయు దృశ్యమును ఒక్కమారైన చూచినవానికి, మిశ్రమ మాధ్యమ చిత్రకళ నగరములలోని కళాశాలల నుండి పల్లెలకు దిగివచ్చిన నవీనవిద్య యను భ్రమ నిలువదు. అలికిన నేలపై బియ్యపుపిండితో గీతలు దీర్చి, ఆ గీతల నడుమ పసుపును, కుంకుమను, ఎండిన ఆకులను నూరి చేసిన పచ్చని పొడిని గదులు గదులుగా నింపుచు, డోలు చప్పుడుతో మల్లన్న కథను గానము చేయుచు వారు దీక్షతో నిర్మించు ఆ చిత్రము, పూజాంతమున భక్తుల పాదముల క్రింద బండారి ధూళిలో చెరిగిపోవును. మరుసటి యేడు అదే పట్నము మరల లేచును. దానికి మాతృక యేదియు కాగితముపై లేదు. పెద్దల చేతిని చూచి చిన్నవారు నేర్చుకొనిన స్మృతియే మాతృక.

భుజమున మోసికొని ఊరూర తిరిగిన చిత్రము మరియొకటి కలదు. అది పటము. చేర్యాల నకాషీల, అనగా పటచిత్రకారుల, పేరుతో నేడు ప్రసిద్ధమైన ఈ విద్య ఒకప్పుడు తెలంగాణమున అనేక గ్రామములలో వర్ధిల్లినది. ఖాదీగుడ్డపై బియ్యపు గంజిని, సుద్దమట్టిని, ఉడికించిన చింతగింజల ముద్దను, జిగురునీటిని కలిపి పూతపై పూత పూసి, ఆరిన పిదప ఎఱ్ఱని నేపథ్యముపై మూరల పొడవున కథను దించెడివారు. గవ్వలను నూరి తెలుపును, దీపపుమసిని పట్టి నలుపును సాధించుట, ఉడుత వెండ్రుకలతో కుంచె కట్టుట వారికి ఇంటివిద్యలు. ఈ పటములను విప్పి కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణమును, డక్కలివారు మాదిగలకు జాంబపురాణమును వినిపించిరి. తమ పుట్టుపూర్వోత్తరములను, తమ కులవృత్తికి గల దైవసంబంధమును, తమ పూర్వుల సాహసములను ఆయా కులములవారు గ్రంథములలో చదువలేదు. రాత్రివేళ దీపపు వెలుగున, పటముపై కథకుని కోల చూపిన చోటనెల్ల చూపు నిలిపి కన్నులతోనే నేర్చిరి. శిథిలమైన పటమును శాస్త్రోక్తముగా నదిలో విడుచుట ఆచారమగుటచే ప్రాచీనమైన పటములు మనకు మిక్కిలి తక్కువగా దక్కినవి. అది మన చరిత్రకు లోటే. అయినను, చిత్రమును ప్రాణముగలదానివలె సాగనంపిన ఆ భావనయెడ నాకు గౌరవమే కలుగుచున్నది.

పట్నమునందును పటమునందును ఉన్నది సమష్టి స్మృతి. అందులో చిత్రకారుని తల్లి లేదు, అతని వీధి లేదు, అతడు బాల్యమున దొంగచాటుగా చూచిన వేషగాని మోము లేదు. ఒక వ్యక్తి తన సొంత జ్ఞాపకమునే చిత్రవస్తువుగా గ్రహించి, దానికి తగిన పదార్థమును వెదకికొనుట ఈ సీమలో ఇరువదవ శతాబ్దమున వచ్చిన మార్పు.

ఆ మార్గమున ముందు నడచినవారిలో 1915లో కరీంనగరము జిల్లాలో జన్మించిన పాకాల తిరుమలరెడ్డి, అనగా లోకము పి.టి. రెడ్డిగా ఎఱిగిన చిత్రకారుడు, ముఖ్యుడు. బొంబాయి జె.జె. కళాశాలలో పాశ్చాత్యరీతులను అభ్యసించిన ఆయన ఉత్తరవయస్సున తాంత్రిక చిహ్నములవైపు మరలి, చక్రములను, త్రికోణములను, బిందువులను గాఢవర్ణములతో నింపిరి. వానిని చూచినపుడెల్ల నాకు మల్లన్న పట్నములోని గదులే స్ఫురించును. ఇది నా ఊహయే గాని ఆయన చెప్పిన మాట కాదు. ఆయన సహధర్మచారిణి యశోదారెడ్డి 1973లో 'మా ఊరి ముచ్చట్లు' వెలువరించి, తెలంగాణపు పల్లెపలుకును కథలలో నిలిపిరి. ఒకే యింట ఒకరు రంగులతోను, ఒకరు నుడికారముతోను స్మృతిని సేకరించిన ఈ దాంపత్యము మన సాంస్కృతిక చరిత్రలో ఇంకను విస్తారముగా వ్రాయదగినది.

అయితే స్వీయస్మృతియే సర్వస్వముగా చిత్రించిన వ్యక్తి తోట వైకుంఠము. 1942లో కరీంనగరము జిల్లా బూరుగుపల్లిలో జన్మించి, హైదరాబాదులోను, పిదప బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ సన్నిధిని చదివిన ఆయన, చదువు ముగిసిన తరువాత మరల తన పల్లెనే ఆశ్రయించిరి. ఊరికి వచ్చెడి నాటకబృందములలో పురుషులు స్త్రీవేషము ధరించి, ముఖమున దట్టముగా రంగు పూసికొని, నుదుట పెద్దబొట్టు దిద్దుకొని ఆడుటను బాలుడైన వైకుంఠము విస్మయముతో చూచెడివారట. ఆ విస్మయమును, తన తల్లి రూపమును కలిపి ఆయన తెలంగాణ స్త్రీని సృజించిరి. తొలినాళ్ల చిత్రములలో బొగ్గు, పెన్సిలు గీతలదే ప్రాధాన్యము. ఆ నల్లని గీత క్రమముగా రంగును ఆహ్వానించినది. ఎఱుపు, కాషాయము, పసుపు ఒకదానితో నొకటి కలియక, పట్నములోని పొడులవలె దేని గదిలో అది నిలిచి వెలుగును. కలిపిన రంగు సహజము కాదని ఆయన నమ్మకము. ఆ నమ్మకమునకు మూలము పల్లె గోడలయందు, గడపలయందు కలదని నేను తలచెదను. జాజు పూసిన అరుగు, దానిపై సున్నపు చుక్కలు, పసుపు రాచిన గడపపై కుంకుమబొట్లు, బతుకమ్మ పండుగనాడు రంగునీటిలో ముంచి తీసిన గునుగుపూలను తంగేడు వరుసపై వరుసగా పేర్చు స్త్రీల చేతులు: ఇవన్నియు విడివిడి రంగులను ప్రక్కప్రక్కన నిలుపు విద్యకు పాఠశాలలే గదా!

మెదకుసీమలోని నిజాంపూరున 1940లో జన్మించిన కె. లక్ష్మాగౌడు మార్గము వేఱు. ఆయనయు బరోడాలో సుబ్రహ్మణ్యన్ వద్దనే అభ్యసించిరి. కాని లోహపు పలకపై చెక్కుడు, నీటిరంగు, గాజుపై చిత్రణము, కాల్చిన మట్టి మున్నగు పలు మాధ్యమములయందు తన పల్లెను శోధించిరి. మేకలు, చెట్లు, పశుకాపరులు, నిస్సంకోచమైన దేహములు ఆయన జ్ఞాపకములు. వైకుంఠము పల్లె అలంకరించుకొని నిలుచును; లక్ష్మాగౌడు పల్లె ఊపిరి పీల్చుచు చెమర్చుచుండును. ఇద్దఱి పల్లెలును నిజమైనవే.

వైకుంఠము చిత్రములలోని స్త్రీ ధరించిన పెద్దంచు చీరలు, ముక్కుపుడకలు, కంటెలు, కడియములు నేడు వీధులలో ఆ రూపమున అంతగా కానరావు గనుక, అవి క్రమముగా చరిత్రకారునికి సాక్ష్యములగుచున్నవి. ఐనను స్మృతి తనకు ప్రియమైనదానినే ఏరుకొనును. ఆయన బాల్యమైన 1940ల తెలంగాణమున వెట్టిచాకిరి యుండెను, దొరల గడీలు ఉండెను, రైతాంగము ఆయుధము పట్టెను. తాంబూలము నమలుచు నిలిచిన ఆ ప్రౌఢల ముఖములలో ఆ చీకటిని వెదకినచో దొరకుట కష్టము. ఈ కొఱతను నేను చిన్నదిగా భావింపను.

కాని అదే చేయి ఆ చీకటిని ఎఱుగనిది కాదని తెలుపుటకు 1988లో వచ్చిన 'దాసి' చలనచిత్రమున్నది. బి. నర్సింగరావు దర్శకత్వమున, 1920ల నాటి గడీలో దాసిగా బ్రతికిన కమలాక్షి యను యువతి కథగా రూపొందిన ఆ చిత్రమునకు కళాదర్శకత్వము వహించినవారు వైకుంఠమే. అందులకు ఆయనకు జాతీయ పురస్కారము లభించినది. కుంచెతో పండుగను నిలిపిన జ్ఞాపకము ఆ చిత్రమునకు గడీలోని గదులను, వాకిళ్లను, వెలుగు సోకని మూలలను, దాసి చేతులు నిత్యము తోమెడి పాత్రలను సమకూర్చినది. బూరుగుపల్లి స్త్రీని ఎఱుగదలచినవారు ఆయన వర్ణచిత్రమును చూచిన కన్నులతోనే ఆ గడీలోని కమలాక్షిని కూడ చూడవలెను.